నవంబరు 14న 38 ఉత్తరాలు పంపాం, ఆర్కిటిక్ బడి నుంచి ఒక్క జవాబూ లేదు. ఏం చెయ్యమంటారు?

ఉద్దానం టీచర్ (కవిటి మండలం) అడుగుతున్నారు:

అందరికీ నమస్కారమండీ. నేను కవిటి మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. బడి నుంచి సముద్రం కిలోమీటరున్నర. పిల్లల్లో సగం మంది వేటకెళ్లే ఇళ్ల వాళ్లు, మిగతా సగం కొబ్బరి, జీడి తోటల వాళ్లు.

పోయిన ఆగస్టులో ఎనిమిదో తరగతిలో మాటల మధ్య ఉత్తర ధ్రువం సంగతి వచ్చింది. వెనక బెంచీ గుంటడు ఒకడు లేచి "మేడమ్, అక్కడ కూడా బడులుంటాయా?" అన్నాడు. ఉంటాయని తెలుసు గానీ అంతకు మించి నాకూ తెలీదు. ఆ రాత్రి కూర్చుని వెతికితే టీచర్ల గ్రూపు ఒకదాంట్లో కెనడాలోని నునావుట్ నుంచి ఒక సారు దొరికారు. బాఫిన్ దీవి ఉత్తరపు కొసన ఉన్న ఊరు. ఆయన క్లాసులో 14 మంది. మెయిల్లో మాట్లాడుకున్నాం. పిల్లల చేత చేత్తోనే ఉత్తరాలు రాయిద్దాం, ఫోన్లూ చాటింగులూ వద్దు అనుకున్నాం. ఆయన చాలా ఉత్సాహంగా ఒప్పుకున్నారు.

మా వాళ్లు 38 ఉత్తరాలు రాశారు. బాలల దినోత్సవం నాడు, నవంబరు 14న, అందరం కలిసి ఒకే పెద్ద కవరులో పెట్టి, నేను సోంపేట వెళ్లి పోస్ట్ చేసి వచ్చాను. "ఎదురుచూస్తున్నాం" అని ఆయన మెయిల్ పెట్టారు. అంతే. సంక్రాంతి సెలవుల తర్వాత నేను పెట్టిన మూడు మెయిళ్లకి జవాబు లేదు. ఇప్పుడు ఫిబ్రవరి నెలాఖరు.

పిల్లలకి నేనేం చెప్పాలి చెప్పండి. ఒకమ్మాయి రోజూ మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టగానే కంచం పట్టుకుని గేటు దగ్గరికెళ్లి నిలబడుతోంది, పోస్ట్‌మేన్ బండి అప్పుడే వస్తుందని. స్టాఫ్ రూములో అయితే "సిలబస్ అయ్యిందా మేడమ్, ధ్రువాల దాకా వెళ్లారు" అని ఎకసెక్కాలు. అవి పట్టించుకోను గానీ ఆ గేటు దగ్గర నిలబడే పిల్లని చూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంటోంది.

నా డౌట్లు: కవరు పోయినట్టేనా? మళ్లీ రాయించాలా? లేక బడిలో పెద్ద టచ్ స్క్రీన్ ప్యానెల్ ఉంది కదా, వీడియో కాల్ పెట్టించేస్తే పోతుందా?

మా పిల్లల ఉత్తరం ఎలా ఉందో తెలియడానికి ఒకటి తెలుగు చేసి పెడుతున్నా: "ప్రియమైన మిత్రమా, నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. మా బడి చాలా అందమైనది. నా లక్ష్యం ఐపీఎస్. నా హాబీ క్రికెట్. మా దగ్గర తేలినీలాపురానికి సైబీరియా నుంచి పక్షులు వస్తాయి. మీరు ఇగ్లూలో ఉంటారా? ఇట్లు మీ ప్రియ మిత్రుడు."

విజయనగరం నుంచి, తపాలా శాఖ రిటైర్డ్:

అమ్మా, 34 ఏళ్లు ఆ శాఖలో చేసి దిగినవాణ్ని. మీ తేదీ చూసి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. మీరు నవంబరు 14న పోస్ట్ చేశారు. సరిగ్గా మర్నాడు, 2024 నవంబరు 15 నుంచి కెనడా తపాలా ఉద్యోగులు సమ్మెకి దిగారు. సుమారు 55,000 మంది. డిసెంబరు 17 దాకా అక్కడ ఉత్తరం కదల్లేదు. క్రిస్మస్ రద్దీ అంతా దాని మీద పడింది. మీ కవరు ఆ గుట్టలో ఎక్కడో అడుగున ఉండుంటుంది. పోయిందని అప్పుడే అనుకోవద్దు.

చిరునామా ఎలా రాశారో ఒకసారి చూసుకోండి. కెనడా పిన్‌కోడ్‌లో ఒక అక్షరం, ఒక అంకె, మళ్లీ అక్షరం, అంకె, ఇలా ఆరు వస్తాయి. బాఫిన్ వైపు ఊళ్లన్నిటికీ ఎక్స్, సున్నా, ఏ అని మొదలవుతుంది. మనవాళ్లు ఆ సున్నాని ఇంగ్లీషు ఓ అనుకుని గుండ్రంగా, వెడల్పుగా రాసేస్తారు. వాళ్ల పిన్‌కోడ్‌లలో ఇంగ్లీషు ఓ అనే అక్షరమే వాడరు. సున్నాని సన్నగా, నిలువుగా రాయించండి. అక్కడ ఇంటింటికీ పంచే పద్ధతి కూడా లేదు, ఎవరి పెట్టెకి వాళ్లే వెళ్లి తెచ్చుకోవాలి. అందుకని బడి పేరు కింద పీఓ బాక్స్ నంబరు తప్పనిసరి.

ఇంకోటి. ఈసారి పంపితే కాగితం తప్ప మరేదీ పెట్టకండి. జీడిపప్పు పొట్లం, గవ్వలు, రూపాయి బిళ్ల, ఏదైనా సరే. వస్తువు చేరితే అది ఉత్తరం కాదు, ప్యాకెట్ అవుతుంది. కస్టమ్స్ కాగితాలు, వేరే చార్జీ. నాణేలైతే మామూలు కవరులో పెట్టనే కూడదు. బొమ్మలు గీయించి పంపండి, బరువుండదు.

రాజాం కుర్రాడు (ఇప్పుడు ఒట్టావా):

టీచరుగారూ, నమస్తే. మాది రాజాం. ఒట్టావా రాకముందు నేను రెండేళ్లు నునావుట్ రాజధాని ఇకాలుయిట్‌లో అకౌంట్స్ పని చేశాను. ఆ పేరుకి "చేపలు బాగా ఉండే చోటు" అని అర్థం. మీ పిల్లలకి ముందు ఇది చెప్పండి, మిగతాదంతా తర్వాత.

పోస్టు సంగతి పెద్దాయన చెప్పారు. దాని మీద వాతావరణం ఉంది. నునావుట్ 1999 ఏప్రిల్ 1న విడిగా ఏర్పడింది. మొత్తం 25 ఊళ్లు. 2021 లెక్కల్లో జనం 36,858, అంటే మన పలాస-కాశీబుగ్గ మున్సిపాలిటీ అంత కూడా లేరు. విస్తీర్ణం చూస్తే ఇండియాలో సగానికి పైనే. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు, ఒక్కటి కూడా లేదు. ఏడాది పొడుగునా విమానమే. వేసవిలో మంచు కరిగినప్పుడు ఓడ వస్తుంది, ఇంటి సామాను నుంచి కార్ల దాకా అదే తెస్తుంది. మీ కవరు ఒట్టావా దాకా వచ్చినా అక్కడి నుంచి ఇకాలుయిట్‌కి ఒక విమానం, మళ్లీ చిన్న విమానం. మంచు తుపాను పట్టుకుంటే రోజుల తరబడి ఏదీ ఎగరదు. పైగా ఆ ఉత్తరపు కొసన నవంబరు మధ్యలో సూర్యుడు కిందికి వెళ్తే మళ్లీ కనిపించేది జనవరి ఆఖరికే. మీరు కవరు పంపిన రోజుల్లో ఆ పిల్లలు చీకట్లో బడికెళ్లి చీకట్లో ఇంటికొస్తున్నారు.

ఆ సారు జవాబివ్వకపోవడానికి ఇంకో కారణం ఉండొచ్చు. కెనడా దక్షిణం నుంచి వచ్చే టీచర్లు ఏడాది, రెండేళ్లకే వెళ్లిపోవడం అక్కడ మామూలు. క్రిస్మస్‌కి ఇంటికెళ్లి తిరిగి రానివాళ్లనీ చూశాను. ఒక మనిషిని నమ్ముకోకండి. నేరుగా బడి ప్రిన్సిపల్‌కి రాయండి.

మీ ఉత్తరంలో ఇగ్లూ ప్రశ్న తీసేయండి. ఇగ్లూ అన్నది వాళ్ల భాషలో ఇల్లు అనే మాటే. ఇప్పుడు అందరూ ఉండేవి చెక్క ఇళ్లు. కింద నేల ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది, అందుకని స్తంభాల మీద నేలకి ఎత్తుగా కడతారు. పైపులు పాతలేరు కాబట్టి చాలా ఊళ్లలో ట్యాంకర్ వచ్చి ఇంట్లో తొట్టి నింపి వెళ్తుంది, ఇంకో లారీ వచ్చి మురుగు తోడుకుని వెళ్తుంది. ట్యాంకర్ ఆలస్యమైతే ఎలా ఉంటుందో ఉద్దానం పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు కదండీ, రాయడానికి అదీ ఒక విషయమే. ఎస్కిమో అనే మాట కూడా వద్దు. ఇనూయిట్ అనాలి, ఒక్కరైతే ఇనుక్. సీల్ మాంసం తింటారా, పాపం కదా అనే ధోరణీ రానివ్వకండి. అది వాళ్ల అన్నం.

ఇంకొక సున్నితమైన సంగతి. మనవాళ్లు ఉత్తరం అనగానే "మీ నాన్నగారు ఏం చదివారు" అని అడుగుతారు. ఒకప్పుడు అక్కడి పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లి రెసిడెన్షియల్ బడుల్లో పెట్టి, సొంత భాష మాట్లాడితే దండించేవారు. 2008 జూన్ 11న కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అలా చదివిన తాతలు, అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ల చదువుల గురించి అడక్కుండా ఉంటేనే మంచిది.

వీడియో కాల్ అంటారా. చలికాలంలో మనకీ వాళ్లకీ తేడా పదిన్నర గంటలు. మార్చి 9న వాళ్లు గడియారం గంట ముందుకి తిప్పుతారు, అప్పుడు తొమ్మిదిన్నర. అంటే వాళ్లకి ఉదయం 9 అయితే మీకు సాయంత్రం 6:30. ఆడపిల్లల్ని అంతసేపు ఉంచుతారా మీ ఊళ్లో? ఇంటర్నెట్ శాటిలైట్ మీద నడుస్తుంది, మధ్యలో బొమ్మ బిగుసుకుపోతే నలభై మంది ఒకేసారి "హలో హలో" అంటారు, అయిపోయింది.

కాల్ పెట్టినా ముందు ఇది చెప్పి పెట్టండి. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఒక కుర్రాణ్ని "బిల్లు తెచ్చావా?" అని మూడుసార్లు అడిగాను. అడిగినప్పుడల్లా కనుబొమలు ఎగరేసి నా మొహంలోకే చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పక్క సీటావిడ నవ్వి చెప్పింది, కనుబొమలు పైకెత్తితే అవునని, ముక్కు చిట్లిస్తే కాదని. పాపం మూడుసార్లూ తెచ్చానని చెబుతూనే ఉన్నాడు. మీ పిల్లలు ప్రశ్న అడిగితే వాళ్లు అలాగే చెబుతారు, మీవాళ్లేమో పలకట్లేదనుకుంటారు. మనం తల అడ్డంగా ఊపడం చూసి వాళ్లేమనుకుంటారో అది వేరే కథ.

చివరికి మీ క్లాసుకి పనికొచ్చేది ఒకటి. వాళ్ల ఇనుక్టిటుట్ భాషకి ఒక లిపి ఉంది, ఇకాలుయిట్‌లో స్టాప్ బోర్డుల మీద కూడా కనిపిస్తుంది. 1840 ప్రాంతంలో జేమ్స్ ఇవాన్స్ అనే మిషనరీ క్రీ భాష కోసం చేసిన లిపిని తర్వాత ఇనూయిట్ భాషకి మార్చుకున్నారు. మన గుణింతానికి చుట్టం లాంటిది. మనం హల్లుకి గుడి, కొమ్ము తగిలిస్తాం. వాళ్లు అక్షరాన్నే తిప్పుతారు. ఇంటి కప్పు లాంటి మూల పైకి చూస్తే పి. అదే మూల కుడివైపు చూస్తే పు. ఎడమవైపు చూస్తే ప. అచ్చులు మూడే: ఇ, ఉ, అ. బోర్డు మీద గీసి చూపించండి, అరగంటలో పట్టేస్తారు.

బారువ బీచ్ నడకరి:

ఒక్క చిన్న సవరణ. తేలినీలాపురం గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సైబీరియావి కావండీ. అందరూ అలాగే అంటారు, మైకుల్లోనూ అదే చెబుతారు, కానీ అవి మన ఉపఖండం పక్షులే. ఆర్కిటిక్ నుంచి నిజంగా వచ్చేవి వేరే ఉన్నాయి. చలికాలంలో అలల అంచున గుంపులుగా పరిగెత్తే చిన్న ఉల్లంకి పిట్టల్ని చూడండి, వాటిలో కొన్ని సైబీరియా ఉత్తరాన టండ్రాలో గుడ్లు పెట్టి ఇక్కడికొస్తాయి. అరచేతిలో పట్టేంత ఉంటాయి. ఎవరూ ఫొటో తీయరు వాటిని. పిల్లల్ని ఓ ఉదయం తీసుకెళ్లండి. అలాగే తాబేలు గుడ్ల పెంకులు, డిప్పలు కవరులో పెట్టే ఆలోచన ఎవరికైనా వస్తే ఆపండి, కేసవుతుంది.

సీతంపేట మాస్టారు:

మేడమ్, కోపం తెచ్చుకోనంటే ఒక మాట. మీరు 38 ఉత్తరాలు పంపలేదు. ఒకే ఉత్తరాన్ని 38 సార్లు పంపారు. బోర్డు మీద రాసి ఎక్కించారు కదూ? ఐపీఎస్, క్రికెట్, ప్రియమైన మిత్రమా. నేనూ అదే పని చేశాను కాబట్టి పట్టేశాను.

మా బడిలో సవర గిరిజనుల పిల్లలు. నాలుగేళ్ల కిందట విశాఖలో ఒక బడితో ఉత్తరాలు నడిపాం, విదేశం కాదు. మొదటి దఫా ఇలాగే పంపాను. అవతలి పిల్లలు కూడా అదే పంపారు. రెండు వైపులా అందరి లక్ష్యం ఐఏఎస్సే. ఒక్కడూ రెండో ఉత్తరం రాయలేదు.

రెండోసారి పెన్ను పట్టుకోనివ్వలేదు. ముందు సవరలో చెప్పమన్నాను. పొద్దున్న లేచి మొదట ఏం చూశావు, ఎవరు తిట్టారు, ఏం తిన్నావు. తర్వాత తెలుగులో. ఆ తర్వాతే ఇంగ్లీషు ముక్కలు. నెల పట్టింది. ఒకడు "మీ ఊళ్లో కొండెక్కితే ఏం కనిపిస్తుంది?" అని అడిగాడు. విశాఖ పిల్ల ఒకతె దానికి నాలుగు పేజీలు రాసింది, కైలాసగిరి నుంచి ఓడలు కనిపిస్తాయని.

గిడుగు వారు పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని, తెలుగు లిపిలోనే వాళ్లకి పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. మనం ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న దండేసి వచ్చేస్తాం. మీవాళ్లది కూడా ఇంట్లో ఒక తెలుగు, బడిలో ఇంకో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఇంట్లో తెలుగుతో మొదలెట్టించండి. అవతలి పిల్లలకి కూడా ఇంగ్లీషు ఇంటి భాష కాకపోవచ్చు కదా.

ఉద్దానం టీచర్ (కవిటి మండలం):

ఆలస్యానికి మన్నించండి, పరీక్షల గొడవ. రెండు వారాలైంది.

మాస్టారూ, కోపం కాదు, సిగ్గేసింది. అవును, బోర్డు మీదే రాశాను. స్పెల్లింగులు తప్పుతాయని భయం. మన బడి పరువు అనుకున్నాను.

ముందు వార్త. ప్రిన్సిపల్‌కి రాశాను. నాలుగో రోజు ఆఫీసు నుంచి రెండు లైన్ల జవాబొచ్చింది. ఆ సారు క్రిస్మస్‌కే ఉద్యోగం మానేసి వెళ్లిపోయారట. కవరు జనవరిలోనే చేరిందట, బీరువాలో ఉందట, కొత్త టీచరుకి ఇస్తామన్నారు. పోస్టల్ పెద్దాయనా, మీరన్నట్టు పోలేదు. గేటు దగ్గర నిలబడే పిల్లకి చెబితే "బీరువాలో పెట్టడానికా మనం రాసింది" అంది. ఏం చెప్పను?

సరే, ఈసారి ఎవరికి ఇష్టమైతే వాళ్లే రాయండి, ఐపీఎస్ అన్న మాట కనిపిస్తే చింపేస్తా అన్నాను. 38 మందిలో 11 మంది మిగిలారు. ముందు తెలుగులో, వాళ్లు ఇంట్లో మాట్లాడినట్టే.

ఒకబ్బాయి నెత్తళ్లు ఎండబెట్టడం గురించి రాశాడు. ఇసుక మీద పాత వల పరిచి దాని మీద ఎండేస్తారు, వాడి డ్యూటీ కాకుల్ని తోలడం. చచ్చిన కాకిని కర్రకి తలకిందులుగా కడితే మిగతావి గంటసేపు రావట, తర్వాత వాటికీ అలవాటైపోతుందట. ఆఖర్న వాడి ప్రశ్న: "మీ ఎండు చేపల్ని ఏటి ఎత్తుకుపోతాది?" రాజాం బాబూ, వాళ్లూ చేపలు ఎండబెడతారా?

గేటు పిల్ల తిత్లీ తుపాను గురించి రాసింది. 2018 అక్టోబరు 11, అప్పుడు రెండో తరగతి. తెల్లారి తాతతో తోటకెళ్లింది. తాత పడిపోయిన కొబ్బరి చెట్టు చెట్టుకీ సున్నం చుక్క పెడుతూ లెక్కపెట్టాడట, పరిహారం వాళ్లొచ్చినప్పుడు ఒకదాన్నే రెండుసార్లు లెక్కేశారనకుండా. 41 దగ్గర చుక్క పెట్టకుండా దాని మీదే కూర్చుండిపోయాడట. ఆ డబ్బా తనే తీసుకుని 42 నుంచి తను పెట్టిందట. ఇంగ్లీషులోకి మారుస్తుంటే "సున్నం"కి ఏం రాయాలని అడిగింది. అలాగే ఉంచెయ్యమన్నాను, పక్కన బొమ్మ గీసింది.

వ్యాకరణం నేను ముట్టుకోలేదు. చెయ్యి లాగింది గానీ ముట్టుకోలేదు.

రాజాం బాబూ, మీరు చెప్పిన లిపి బోర్డు మీద గీశాను. ఆ రోజు క్లాసు చూడాల్సింది. ఊళ్ల పేర్లన్నీ రాయడానికి ప్రయత్నించారు. సోంపేట కుదరలేదు, ఓ లేదు, ఏ లేదు. మందస కుదరలేదు, ద లేదు. ఇచ్ఛాపురం జోలికే పోలేదు. పలాస మాత్రం అచ్చుగుద్దినట్టు వచ్చింది. కవిటి కూడా. సోంపేట నుంచి వచ్చే ఇద్దరు పిల్లలు అలిగారు. కవరు వెనక పలాస అని పెద్దగా రాశాం, ఫొటో పెడుతున్నా, తప్పుంటే చెప్పండి. రేపు పోస్ట్ చేస్తాను. సున్నాలు సన్నగానే రాయించాను.

రాజాం కుర్రాడు (ఇప్పుడు ఒట్టావా):

ఎండబెడతారండీ. చార్ అని ఒక చేప, ఎర్రటి కండ. తోలు విడిపోకుండా కండని చదరాలుగా కోసి తాడు మీద వేలాడదీస్తారు. పిప్సి అంటారు. మా ఆఫీసులో ఒకావిడ తెచ్చేది, నేను అన్నంలో నంజుకున్నాను, ఆవిడకి అది వింత. దాన్ని ఏది ఎత్తుకుపోతుందో మాత్రం ఆ పిల్లల్నే చెప్పనివ్వండి.

మార్చిలో పంపుతున్నారు కాబట్టి జవాబు మీ వేసవి సెలవుల్లోపు రాకపోవచ్చు. మీ బడి తలుపులు తెరిచేది జూన్ 12న, ఆ రోజుల్లో వాళ్లు మంచు మీద క్యాంపులకి వెళ్లిపోతుంటారు. పిల్లలు తొమ్మిదో తరగతికి వెళ్లినా చిరునామా అదే ఉంచండి.

ఫొటో చూశాను. లా, సా బాగున్నాయి. మొదటి అక్షరం పైకి తిరిగింది, అది పిలస అయింది. ఎడమకి తిప్పించండి.

ఉద్దానం టీచర్ (కవిటి మండలం):

అయ్యో. కవరు అంటించేశాం. వైట్నర్ తెమ్మని పంపాను.